కంచం ముందు కూర్చోని మనిషి

తూకం గది, బయటి రోగుల విభాగం
జూన్ 3

పెద్దమ్మకి,

నిన్న అమ్మ నీ ఉత్తరం చదివి వినిపించింది. తుంటి ఆపరేషన్ మళ్లీ వాయిదా పడిందని ఒక్క వాక్యం రాసి, మిగతా పేజీ అంతా కింది వాటా ఆవిడ కోళ్ల గురించి రాశావు. నీకు కోపం రాకపోతే పోనీ, నాకు వచ్చింది.

ఉద్యోగం విరమించిన రోజున యాభై ఎనిమిది కిలోలున్న మనిషివి, ఎనిమిది నెలల్లో నలభై ఏడుకి దిగావు. రక్తం తీశారు, ఫొటోలు తీశారు, కడుపులోకి గొట్టం వేసి చూశారు, ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే పదకొండు కిలోలు ఎక్కడికి పోయాయి? కారణం తేలాలి, బరువు యాభైకి రావాలి, అప్పటిదాకా కత్తి పట్టనని మీ డాక్టర్ గారి మాట. అక్టోబరు ఆఖరులోగా తేలకపోతే జాబితాలోంచి నీ పేరు కొట్టేస్తారట. అంటే అరిగిపోయిన కీలుతో ఇక జన్మంతా కుర్చీలోనే. ఇదంతా అమ్మ నీ కొడుక్కి ఫోన్ చేసి కనుక్కుంటేనే నాకు తెలిసింది. నువ్వు మాత్రం కోళ్ల గురించి రాశావు.

వాళ్లు నీ తిండి చరిత్ర రాసుకున్నారా? రాసుకునే ఉంటారు. ఎలా రాసుకుంటారో నాకు తెలుసు, ఇక్కడ నా పక్క బల్ల ఆయన చేసేదీ అదే. "మామూలుగా తింటారా?" "తింటానండి." టిక్కు. మనిషికి నిమిషంన్నర. నేనైతే ఒక్కొక్కరితో అరగంట కూర్చుంటాను, బయట వరస పెరిగిపోతోందని అందరితో తిట్లు తింటాను. నాది పెద్ద చదువు కాదు గానీ, పోషణ మీద వచ్చిన కరపత్రం ఒక్కటీ వదల్లేదు. మంచం కింద అట్టపెట్టె నిండా అవే. మనిషి తిండిని నిన్నటి నుంచి కాదు, తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి అడగాలి. ప్రతి దశా తర్వాతి దశలో బయటపడుతుంది. ఇది తెలియని వాళ్లు ఆసుపత్రులు నడుపుతున్నారు.

కాబట్టి నీ చరిత్ర నేను రాస్తాను. ప్రశ్నలు నాలుగు పేజీలు, దశల వారీగా ఉన్నాయి. ఫోన్‌లో వద్దు. నీకు వినపడక అన్నింటికీ "ఆ, ఆ" అంటావు. రాసి పంపు.

నీ కూతురు

*

మూడో అంతస్తు, వీధి వైపు గది
జూన్ 12

చిచ్చుబుడ్డికి దీవెనలు.

నీ నాలుగు పేజీలు అందాయి. మొదటి ప్రశ్నకే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ ఏం తినేది?" నేను లోపలున్నాను తల్లీ. బయట ఏం జరిగిందో నాకేం కనపడుతుంది?

తల్లిపాలు ఎన్ని నెలలు: మీ అమ్మ పుట్టేదాకా. తర్వాత ఆవిడ లాక్కుంది, ఇప్పటిదాకా దాని గురించి ఒక మంచి మాట అనలేదు.

బాల్యంలో రోజుకి ఎన్ని కప్పుల అన్నం: మా ఇంట్లో కప్పే లేదు. ముగ్గురు పిల్లలం, ఒకటే పళ్లెం. మా అన్నది పెద్ద చెయ్యి, మీ అమ్మది పెద్ద ఏడుపు. మధ్యలో నాకు దొరికింది నేను తిన్నాను. బక్కగా ఉండేదానివా అని అడిగావు. దూలంలా ఉండేదాన్ని. అందరూ నన్ను చూసి మీ అమ్మకి ఏమీ పెట్టట్లేదనుకునేవాళ్లు.

పాలు: ఇంట్లో జబ్బు పడ్డవాళ్లకి పోసేవాళ్లు. నాకు జబ్బు చేసేది కాదు. అదొక్కటే నా దురదృష్టం.

పళ్లు: చెట్టు మీద ఉన్నప్పుడు చూశాను.

చాలా? రెండో పేజీలో ప్రశ్నలు చదివితే మీ పెదనాన్న కూడా నన్ను అంత సూటిగా అడగలేదనిపించింది. అవి తర్వాత చూద్దాం. కోళ్లు బాగున్నాయి.

పెద్దమ్మ

*

తూకం గది
జూన్ 20

పెద్దమ్మకి,

నేను నవ్వించమని రాయలేదు. అమ్మ చదివి కడుపు పట్టుకుని నవ్వింది, నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. నీ ఉత్తరంలో రాసుకోదగింది రెండే రెండు ముక్కలు: చిన్నప్పుడు పాలు లేవు, పళ్లు లేవు. అవి నీ తుంటిలో ఇప్పుడు కనపడుతున్నాయి. పది నుంచి ఇరవై లోపు ఎముక కట్టుకుంటుంది, ఆ తర్వాత కట్టుకోదు. ఆ పదేళ్లు నువ్వేం తిన్నావో నాకు కావాలి. పెళ్లి, కడుపుతో ఉన్న నెలలు, అన్నయ్యకి పాలిచ్చిన కాలం, నెలసరి ఆగిన వయసు, హాస్టల్ వంట ఉద్యోగం, ఇప్పుడు. వరసగా.

ఇక్కడ నా గతి కూడా విను. నిన్న ఒక దర్జీ, ఆయన భార్య వచ్చారు. పొద్దున ఏం తిన్నారని ఆయన్ని అడిగితే ఆవిడ, "రెండు రొట్టెలండి" అంది.

"ఒకటి," అన్నాడాయన.

"రెండు పెట్టాను కదా."

"పెట్టావు. తిన్నది అడుగుతోంది ఈ అమ్మాయి."

"మరి రెండోది ఏమైంది?"

"నన్నడిగితే ఎలా? ఇంట్లో నువ్వు కూడా ఉన్నావుగా."

అరగంట ఆ రొట్టె కోసం కొట్టుకున్నారు. చివరికి నేను "ఒకటిన్నర" అని రాశాను. పక్క బల్ల ఆయన నవ్వాడు. ఎవరి తిండి వాళ్లు చెప్పలేని దేశంలో నేనేం చెయ్యను?

ఈసారి వేళాకోళం లేకుండా రాయి. నీకు నడవాలని లేదా?

నీ కూతురు

*

వీధి వైపు గది
జూలై 5

చిచ్చుబుడ్డికి,

నడవాలని లేదా అని అడిగావు. ఆ మాట చదివాక రెండు రోజులు ఉత్తరం ముట్టుకోలేదు. ఈ గదిలోంచి స్నానాల గదికి పద్దెనిమిది అడుగులు. మధ్యలో రెండు సార్లు గోడ పట్టుకుంటాను. లెక్క నాకు బాగానే తెలుసు.

రాస్తున్నాను, వేళాకోళం లేదు.

పన్నెండో ఏట అమ్మకి నడుం పట్టేసింది. అప్పట్నుంచి ఇంట్లో వంట నాది. అందరికీ పెట్టేసరికి నాకు తినాలనిపించేది కాదు. పెళ్లి ఇరవై ఒకటికి. కడుపుతో ఉన్నప్పుడు వాంతులు, సుద్దముక్కలు నమిలేదాన్ని, ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్పాను, మీ అమ్మకి చదివి వినిపించకు. మీ అన్నయ్యకి రెండేళ్లు పాలిచ్చాను. వాడికి ఐదేళ్లప్పుడు మీ పెదనాన్న పోయారు. ఆరు నెలలకి కాలేజీ అమ్మాయిల హాస్టల్లో వంటకి చేరాను. నూట ఎనభై మంది పిల్లలు, ముప్ఫై ఒక్క ఏళ్లు.

హాస్టల్లో ఉన్నప్పుడు పొద్దున: లేదు. మధ్యాహ్నం: లేదు. రాత్రి: లేదు. నీ మూడు గళ్లూ కొట్టేశాను. అబద్ధం కాదు. పొయ్యి దగ్గర ఉన్నదానికి కంచం పెట్టుకుని కూర్చునే తీరిక ఎక్కడిది? ఇక్కడ ఆసుపత్రిలో అమ్మాయికీ ఇదే చెప్పాను. నేను మొదట్నుంచీ తినే మనిషిని కాను. అప్పుడు లేని జబ్బు ఇప్పుడెందుకు వస్తుంది?

ఇక ఇప్పుడు. కోడలు పెట్టింది తింటున్నాను. కంచం నా గదిలోకే వస్తుంది. వంటింట్లోకి రావద్దన్నారు, వెళ్లను. వాళ్లిల్లు, వాళ్ల ఇష్టం. నాకేం లోటు లేదు.

పెద్దమ్మ

*

తూకం గది
జూలై 12

పెద్దమ్మకి,

నాకు దొరికింది.

నీ చివరి పేరా నాలుగు సార్లు చదివాను. "పెట్టింది తింటున్నాను." "నా గదిలోకే వస్తుంది." "రావద్దన్నారు." "వాళ్లిల్లు, వాళ్ల ఇష్టం." చివర్లో "నాకేం లోటు లేదు." ఇంట్లో పెద్దవాళ్లని నిర్లక్ష్యం చేస్తున్నారని గుర్తించడానికి పది లక్షణాలున్న కరపత్రం నా దగ్గరుంది. అందులో ఆరు నువ్వే నీ చేత్తో రాశావు. లోటు లేదని తమంతట తామే చెప్పడం ఏడోది.

వదిన నాతో ఎప్పుడూ బాగానే ఉంది. కానీ ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు పిల్లల్ని బడికి పంపుతూ, కదల్లేని అత్తగారికి ఎంత పెడుతుందో ఎవరు చూశారు? నువ్వు చెప్పవు. నీకు నీ కొడుకు పరువు ముఖ్యం. చిన్నప్పటి నుంచీ అందరూ తిన్నాక మిగిలింది తిన్నావు, ఇప్పుడూ అదే తింటున్నావు. పైగా లోటు లేదంటున్నావు. నీలాంటి వాళ్ల వల్లే ఈ లోకం ఇలా ఉంది.

నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. మీ డాక్టర్ గారికి మా విభాగం కాగితం మీద ఉత్తరం రాశాను. జీవిత దశల చరిత్ర మొత్తం పెట్టి, చివర "బరువు తగ్గడానికి కారణం: ఇంట్లో సరైన తిండి పెట్టకపోవడం" అని రాశాను. కారణం కావాలన్నారు కదా, ఇచ్చాను. ఇక నీ ఆపరేషన్ ఎవరూ ఆపలేరు.

నీ కూతురు

*

వీధి వైపు గది
ఆగస్టు 2

నిన్న మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. కోడలు ఆఫీసు నుంచి సెలవు పెట్టి ఉండాల్సి వచ్చింది. బియ్యం డబ్బా మూత తీయించారు. ఫ్రిజ్ తెరిచి రాసుకున్నారు. పిల్లల్ని పక్కకి పిలిచి "నాయనమ్మకి ఏం పెడతారు?" అని అడిగారు. తలుపు తీసే ఉంది. పక్క వాటా వాళ్లు, కింది వాటా వాళ్లు మెట్ల మీద నిలబడి విన్నారు.

 వాళ్లు వెళ్లాక కోడలు తలుపు వేసి, "అత్తయ్యా, నేనేం తక్కువ చేశాను?" అని అడిగింది.  మీ అన్నయ్య నాతో కూడా మాట్లాడటం లేదు.

విచారణ తేలేదాకా నా కాగితాలు పక్కన పెట్టారట. ఆగింది ఆపరేషన్. ఆపింది నువ్వు.

నాకు ఫారాలు పంపకు.

*

హాలు
ఆగస్టు 6

మరదలికి,

మామూలుగా నేను ఉత్తరాలు రాయను. చేతకాక కాదు, తీరిక లేక. నీకు తీరిక ఎక్కువని అర్థమైంది కాబట్టి రాస్తున్నాను.

నీకు తిండి వివరాలు కావాలట కదా. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. సోమవారం పొద్దున రెండు రొట్టెలు, గుడ్డు, గ్లాసు పాలు. మధ్యాహ్నం అన్నం, పప్పు, బీన్స్ కూర, పెరుగు. నేను ఆఫీసుకి వెళ్లేముందు డబ్బాలో సర్ది ఆవిడ మంచం పక్కన పెడతాను. సాయంత్రం అరటిపండు. రాత్రి మళ్లీ అన్నం, కూర. మంగళవారం, బుధవారం కూడా రాయనా? పిల్లలకి పెట్టేముందు ఆవిడకే పెడతాను. ప్రతి ఆదివారం తూచి గోడ మీద క్యాలెండర్‌లో రాస్తాను. ఆ పని నాకు ఎవరూ చెప్పలేదు.

వంటింట్లోకి రావద్దన్నది నేనే. ఎందుకన్నానో ఆవిడ రాసి ఉండదు. ఇక్కడికి వచ్చిన రెండో వారంలో పొయ్యి దగ్గర కాలు జారి, మరుగుతున్న నీళ్ల గిన్నె పట్టుకుని పడబోయింది. ముప్ఫై ఏళ్లు ఊరందరికీ వండారు, ఇక కూర్చోండి, నేను పెడతానన్నాను. ప్రేమగానే అన్నాను. అది నేరమని నీ కరపత్రంలో ఉంటే నాకు తెలియదు.

ఇంకో సంగతి. ఆ ఇద్దరూ వచ్చి వెళ్లిన మర్నాడు కింది వాటా ఆవిడ నన్ను మెట్ల మీద ఆపింది. "ఊరికే అంటారమ్మా, మీ అత్తగారికి తిండి లేదని. ఆవిడ డబ్బా దించితేగా మా కోళ్లు మూడు పూటలా మేసేది. మెట్లెక్కలేకపోతున్నాయి ఒళ్లు చేసి," అంది. తాడు కట్టి బాల్కనీ లోంచి దించుతుందట. పది నెలలుగా నేను తెల్లవారకముందే లేచి వండింది కోళ్లు తిన్నాయి. నువ్వు నా మీద రాసిన దానికన్నా ఇది నాకు ఎక్కువ తగిలింది.

ఎందుకలా చేశారని అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది. నువ్వు చదివిన పుస్తకాల్లో దీనికేమైనా ఉంటే చూడు. నాకైతే ఒకటే తెలుసు. మే నెలలో నాకు జ్వరం వచ్చి ఐదు రోజులు లేవలేదు. మీ అన్నయ్య వద్దంటున్నా వినకుండా ఆవిడే కర్ర ఊతంతో వంట చేసింది. ఆ ఐదు రోజులూ కంచం ముట్టలేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఆ ఆదివారం తూస్తే అరకిలో పెరిగింది. ఈ పది నెలల్లో పెరిగింది ఆ ఒక్క వారమే. ఇది క్యాలెండర్‌లో ఉంది. కావాలంటే ఇంకో ఇద్దరిని పంపించి చూసుకో.

మీ వదిన

*

తూకం గది
ఆగస్టు 15

పెద్దమ్మకి,

ఫారం లేదు. ముందు ఇది చదువు.

మా విభాగం పెద్దావిడ నన్ను పిలిచారు. నా ఉత్తరం నకలు ఆవిడ బల్ల మీద ఉంది. "ఈ ఇంటికి ఎప్పుడు వెళ్లావు?" అన్నారు. వెళ్లలేదన్నాను. "ఈ కోడలితో మాట్లాడావా?" లేదన్నాను. "మరి దీన్ని చరిత్ర అంటారా, తీర్పు అంటారా?" అన్నారు. నాకు అలవాటుగా కోపం వచ్చింది, అయినా తీర్పేనని ఒప్పుకున్నాను. ఇక నుంచి ఆవిడ సంతకం లేకుండా నా కాగితం ఏదీ బయటికి వెళ్లదు. నెల రోజులు తూకం మాత్రమే వేస్తాను, ప్రశ్నలు అడగను. పక్క బల్ల ఆయన నాకు టీ తెచ్చిచ్చాడు. అది తిట్టినదానికన్నా కష్టంగా ఉంది.

వదినకి విడిగా రాశాను. క్షమించమని అడిగే అర్హత కూడా లేదు కాబట్టి, తప్పు నాదని మాత్రం రాశాను. ఆసుపత్రికి కూడా అదే రాసి, పెద్దావిడ సంతకంతో పంపాను.

నీ మీద కూడా నాకు కోపంగా ఉంది. దాచను. కోళ్ల గురించి అన్ని పేజీలు రాసి, వాటికి ఏం పెడుతున్నావో ఒక్క ముక్క రాయలేదు. నేను నాలుగు పేజీలు అడిగాను, నువ్వు నాలుగు పేజీలు తప్పించుకున్నావు. ఇద్దరం కలిసి ఆ మనిషి పరువు తీశాం.

ఇప్పుడు ఒక్కటే అడుగుతాను. తిండి గురించి ఒక్క మాట కూడా రాయకు. హాస్టల్లో ఒక రోజు వంట ఎలా చేసేదానివో రాయి. ఏ గిన్నె ముందు, ఏది తర్వాత, చేతులు ఏం చేసేవి, ఎవరు అరిచేవాళ్లు. అంతే. అక్టోబరు ఆఖరుకి ఇంకా పదకొండు వారాలున్నాయి.

నీ కూతురు

*

వీధి వైపు గది
ఆగస్టు 29

చిచ్చుబుడ్డికి,

నీ మీద ఇంకా కోపం పోలేదు. కానీ ఈ ప్రశ్నకి జవాబు రాయబుద్ధయింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు ఇది.

నాలుగింటికి తలుపు తీసేదాన్ని. ముందు పెద్ద పొయ్యి మీద పాలు. పొంగే లోపు గరిటెతో కాస్త తీసి అరచేతిలో పోసుకుని చూడాలి, విరిగాయో లేదో. నాలుగు గిన్నెలు, నాలుగు సార్లు. తర్వాత పప్పు. పప్పు ఉడికిందో లేదో వేళ్లతో నలిపితే తెలియదు, పంటి కింద వేసుకోవాలి. మూడు దబరాలు, ఒక్కోదానికి మూడేసి సార్లు. దుంపలు అంతే, పైన ముక్క ఒకటి, మధ్యలోది ఒకటి, అడుగుది ఒకటి. మధ్యలోదే మోసం చేస్తుంది. ఉప్పు వేశాక ఒకసారి, కారం వేశాక ఒకసారి, దించేముందు ఒకసారి. నాలుక ఒకటే కదా, మధ్యలో ఉత్త అన్నం ముద్ద ఒకటి నోట్లో వేసుకుంటే మళ్లీ కొత్తదవుతుంది. రొట్టెల్లో మొదటిది ఎప్పుడూ సరిగ్గా రాదు, పిల్లలకి పెట్టలేం, విరిచి నోట్లో వేసుకుంటూ రెండోది కాల్చేదాన్ని. మూడు పొయ్యిలు, మూడు మొదటి రొట్టెలు.

పిల్లలు కిటికీ దగ్గర నిలబడి అరిచేవాళ్లు. "ఆంటీ, ఇవాళ ఉప్పు చూశారా?"

"చూశానే. నిన్నటిది కూడా ఇవాళే చూశాను."

"ఇవాళ కూర ఏంటి?"

"పేరు పెట్టలేదింకా. తిని నువ్వే పెట్టు."

అందరి కంచాలూ వెళ్లాక దబరాలు కడగాలి. అడుగంటింది అట్లకాడతో గోకితే అట్టలా లేస్తుంది. అది పారేస్తే నాకు పాపం చేసినట్టుండేది. నిలబడే నములుతూ నీళ్లు పోసేదాన్ని. పాల గిన్నెల అంచున మీగడ కూడా అంతే. మళ్లీ పదింటికి మధ్యాహ్నం వంట, మూడింటికి రాత్రి వంట. ఇదే మూడు సార్లు.

రాస్తుంటే చేతులు కదిలాయి. ఈ గదిలో వాటికి పని లేదు. కోడలు కంచం తెచ్చి ఎదురుగా పెడుతుంది. నిండు కంచం, ముందు నేను, చుట్టూ నిశ్శబ్దం. పరీక్షకి కూర్చోబెట్టినట్టుంటుంది. గొంతు దిగదు. ఆ పిల్ల కష్టపడి వండింది కదా, వదిలేస్తే మనసు కష్టపెట్టుకుంటుందని తాడు కట్టాను. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. అరవై ఏళ్లదాన్ని, అన్నం తినడం చేతకాదని ఎవరితో చెప్పుకోను?

పెద్దమ్మ

*

తూకం గది
సెప్టెంబరు 7

పెద్దమ్మకి,

నీ ఉత్తరం పెన్సిలు పట్టుకుని చదివాను. పాలు, పప్పు, దుంపలు, ఉప్పు, కారం, మధ్యలో అన్నం ముద్దలు, మొదటి రొట్టెలు, అడుగంటినది, మీగడ. ఒక్క పూటకి నలభై నాలుగు సార్లు నోట్లో వేసుకున్నావు. మూడు పూటలకి నూట ముప్ఫై పైన. కొలతలు వేసి పెద్దావిడకి చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకెత్తి, "ఈవిడ మనందరికన్నా బాగా తింది," అన్నారు.

నువ్వు అబద్ధం చెప్పలేదు. పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు, రాత్రి లేదు, నిజమే. ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక్క భోజనం కూడా చెయ్యకుండా దూలంలా ఉన్నావు, రుచి చూసి చూసి. రుచి చూడటం తిండి కాదని నువ్వనుకున్నావు. మేం అడిగినవాళ్లమంతా కూడా అంతే. నా అట్టపెట్టెలో ఒక్క కరపత్రంలోనూ "మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు, వండుతూ ఏం నోట్లో వేసుకుంటారు" అనే ప్రశ్న లేదు. నీ ఉద్యోగం ఆగిన రోజున నీ తిండి ఆగింది. అక్కడ ఏ గొట్టం వేసి చూసినా ఇది కనపడదు.

ఇవాళ ఆ పెట్టె చింపేద్దామనుకున్నాను. చింపలేదు. కోపం వాటి మీద కాదు. అన్నీ తెలుసనుకుని, నిన్ను ఒక్క మాట పూర్తిగా చెప్పనివ్వలేదు కదా, దాని మీద.

కొత్త చరిత్ర మీ డాక్టర్ గారికి వెళ్లింది, సంతకంతో. కారణం అన్నచోట ఈసారి నేనేమీ రాయలేదు. నీ ఉత్తరం నకలు, వదిన క్యాలెండర్‌లో బరువులు పెట్టాను. చదువుకుంటారు.

మిగిలింది యాభై కిలోలు. దానికి నేను ఇక్కడినుంచి ఏమీ చెయ్యలేను. ఒక్క మనిషే చెయ్యగలదు. వదినని నువ్వే అడగాలి.

నీ కూతురు

*

వంటిల్లు
సెప్టెంబరు 30

చిచ్చుబుడ్డికి,

ఎక్కడ కూర్చుని రాస్తున్నానో పైన చూడు.

అడగడానికి నాలుగు రోజులు పట్టింది. నీ ఉత్తరం కోడలి చేతిలో పెట్టాను. నిలబడే చదివింది. మడిచి, "ముందే చెప్పొచ్చు కదా అత్తయ్యా," అంది.

"సిగ్గేసింది."

"నాకు మాత్రం మెట్ల మీద సిగ్గెయ్యలేదా?"

 తల దించుకున్నాను. సాయంత్రం బజారు నుంచి ఎత్తు స్టూలు తెచ్చింది, వీపు ఆనించుకునేందుకు చెక్క ఉన్నది. పొయ్యికి మూరెడు దూరంలో గోడకి వేసింది. "ఇక్కణ్నుంచి కదిలారంటే ఊరుకోను," అంది. గరిటె మాత్రం నా చేతికిచ్చింది.

ఇప్పుడు రోజూ యుద్ధమే. నేను ఉప్పు చాలలేదంటాను. పదకొండేళ్లుగా ఇదే ఉప్పు, ఎవరూ చావలేదంటుంది. దుంప ఉడకలేదంటాను. మధ్యలోది చూశారా అంటుంది, చూడమని ఇంకోటి ఇస్తుంది. మొదటి రొట్టె నాకు విసిరినట్టు ఇస్తుంది. రెండోది కూడా బాగా రాలేదని మొన్న ఇచ్చింది. చూస్తే బాగానే ఉంది.

విచారణ మూసేశారు. డాక్టర్ గారు నా ఉత్తరం చదివారట. "మా అమ్మ కూడా కంచం పెట్టుకుని తినగా నేనెప్పుడూ చూళ్లేదు," అన్నారు.  ఆదివారం తూకం నలభై ఎనిమిది దాటింది. నీ పేరు మాత్రం ఈ ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. నేనెత్తితే కోడలు కుక్కర్ మూత గట్టిగా పెడుతుంది. నువ్వు చేసిన పనికి అది తక్కువే.

పెద్దమ్మ

*

ఎముకల వార్డు, కిటికీ పక్క మంచం
అక్టోబరు 29

చిచ్చుబుడ్డికి,

పద్దెనిమిదో తారీఖున యాభై కిలోల రెండు వందల గ్రాములు. ఇరవై రెండున కీలు మార్చారు. మీ అన్నయ్య ఫోన్ చేసి అమ్మకి చెప్పాడట, నీకు తెలిసే ఉంటుంది. వాడు చెప్పనిది నేను చెబుతాను.

ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాతే తంటా వచ్చింది. ఇక్కడ వంటిల్లు ఎక్కడో భూమి లోపల ఉంది, వాసన కూడా రాదు. మూత పెట్టిన పళ్లెం తెచ్చి ఒళ్లో పెడతారు. మళ్లీ అదే. మూత తీసి చూసేదాన్ని, మళ్లీ పెట్టేసేదాన్ని. మూడు రోజులు పళ్లేలు వచ్చినవి వచ్చినట్టే వెళ్లాయి. నర్సు బతిమాలింది, తర్వాత విసుక్కుంది. తినకపోతే కుట్టు మానదు, లేచి నిలబడనివ్వం అంది. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసి, ఇక్కడిదాకా వచ్చి, ఒక ముద్ద దగ్గర ఆగిపోయాను.

నాలుగో రోజు కోడలు ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. చెంపలు చెమటతో తడిసి ఉన్నాయి. పళ్లెం మూత తీసింది, వంగి చూసింది, మొహం చిట్లించింది.

"అత్తయ్యా, ఇది ఉడికిందంటారా?"

"ఏదీ," అన్నాను.

చెంచాతో పప్పు తీసి నా అరచేతిలో వేసింది. చూశాను. ఉప్పు లేదని చెప్పాను. కూరలో మధ్య ముక్క చూశాను, పచ్చిగా ఉంది. అన్నం చిమిడింది. పెరుగు నిన్నటిది. అవునా, సరిగ్గా చూడండి, ఇంకోసారి చూడండి అంటూ వేస్తూనే ఉంది. పక్క మంచం ఆవిడ కూడా లేచి కూర్చుని, "ఆ పాయసం సంగతి చెప్పండి" అని అడిగింది. దాని సంగతీ చెప్పాను. ఆ వంట చేసినవాణ్ని నాకు నెల రోజులు అప్పగిస్తే బాగుచేస్తానన్నాను. అలా తిడుతూ తిడుతూ కిందికి చూస్తే పళ్లెంలో ఏమీ లేదు.

మర్నాటి నుంచి మూడు పూటలా వచ్చింది. నిన్న పొద్దున కర్ర పట్టుకుని కిటికీ దాకా, మళ్లీ మంచం దాకా నడిచాను. గోడ పట్టుకోలేదు.

కోడలు నేను చెప్పే వంకలన్నీ ఒక కాగితం మీద రాస్తుండేది. ఏ పూట ఏం పెట్టారు, ఎన్ని చెంచాలు నా చేతిలో వేసింది, ఏది బాగాలేదన్నాను. ఇక్కడి వంటవాళ్లకి ఇస్తావా అని అడిగాను.

"వాళ్లకెందుకు? చదివే తీరిక ఎవరికుందో వాళ్లకి," అంది.

కాగితం ఇందులోనే పెట్టింది. నాలుగు రోజులది, దశల వారీగా లేదు గానీ పూటల వారీగా ఉంది. జాగ్రత్తగా చదివి, అర్థం కానిది ఉంటే కోడల్నే అడుగు.

పెద్దమ్మ